నలభై రెండడుగులు

రేగొండ శివారు, సర్వే నంబరు రెండువందల పదకొండు.
పొద్దున తొమ్మిదిన్నరకు మూడుకాళ్ల స్టాండు పాతి
రోవర్ ఆన్ చేసిన.
పద్దెనిమిది ఉపగ్రహాలు దొరికినయ్,
తెర మీద పచ్చచుక్క వెలిగింది.
చుక్క చెప్పిన చోటికి నడిచిపోతే
నా కాళ్లు మైసవ్వ పత్తిచేనుల ఉన్నయ్.
హద్దురాయేమో నా వెనక, నలభై రెండడుగుల దూరంల.

"రాత్రికి రాత్రి జరిపిండ్రు" అని మొండయ్య లేచిండు.
"జరిపితే గుంత ఉండాలె గద" అన్నది మైసవ్వ.
గుంత లేదు.
రాయి అడుగున చెదలు కట్టిన మట్టికే
ఇరవై ఏండ్లుంటయ్.

యంత్రం ఆపిన. పెట్టిన. మళ్ల ఆపిన.
ఈసారి నేను చలివాగు నడుమ నిలబడ్డనన్నది.
హైదరాబాదుకు ఫోన్ చేస్తే
ఆఫీసరు గొంతు తగ్గించుకున్నడు.
"సముద్రాల అవతల రెండు దేశాలకు పంచాయితి.
బాంబు పడలే, సైరన్ మోగలే.
ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్నదాని గొంతును
ఎవడో కింద కూసోని అనుకరిస్తున్నడు.
రెండు రోజులు పని ఆపు."

ఇదెక్కడి యుద్ధం?
నేను బడిల చదివిన యుద్ధాలల్ల ఏనుగులుండె, దుమ్ముండె,
గెలిచినోడు కోట తలుపు పగలగొట్టుకొని రావాలె.
దీనికి తలుపే లేదు.
ఒక ఉపగ్రహం ఇంకోదాని పక్కకు మెల్లగ జరిగి
నెలలకొద్ది ఊకనే ఉంటదట,
గడపల కూసున్న అప్పులోని లెక్క.
కొట్టదు, తిట్టదు.
ఇంకోటి వెలుగును సూది చేసి ఎదుటిదాని కంట్ల పెడుతదట.
జరసేపటికి చూపు మళ్లొస్తది,
చెప్పుకుందామంటే గాయం ఉండదు.
పగలగొడితే మాత్రం ఆ పెంకులు
కొట్టినోణ్ని, కొట్టిచ్చుకున్నోణ్ని చూడకుంట
తరాలకు తరాలు తిరుగుతయ్.
అందుకే అందరు
మర్యాదగ పాడుజేసుకుంటున్నరు.

చైన్‌మన్ ఓదెలు చుట్ట ముట్టిచ్చి
మొత్తం విని ముక్కుతోని నవ్విండు.
"గిదా మేడం? మేం చేసిందే గద."
నలభై ఏండ్ల కింద, తాడ్వాయి అడివిల
చెప్పులు తిరగేసి కట్టుకొని నడిచేటోళ్లట.
పోయిన జాడ వచ్చినట్టు కనబడేదట.
జీపులు అటు పోతే
వీళ్లు ఇటు గంజి కాచుకునేటోళ్లట.
నేను కూడ నవ్విన.

"ఒకపారి మందులు తెచ్చే పిలగాడు,
మావోడే,
మా జాడ నమ్మి జీపుల కాడికే పోయిండు."
చుట్ట ఆరిపోయింది. మళ్ల ముట్టియ్యలే.
"అబద్ధపు జాడకు
మనోడు, పరాయోడు తెల్వదు మేడం."

ఇంకేమనలే. బండి వెనక నుంచి గొలుసు తీసిండు.
తుప్పు పట్టిన నూరు కడీలు, అరవై ఆరడుగులు.
మూడు శివార్లు కలిసే రాయి కాడ మొదలువెట్టినం.
ఒక కొస మైసవ్వకిచ్చిండు, ఒక కొస మొండయ్యకు.
పొద్దటి నుంచి మొఖాలు చూసుకోనోళ్లు
"గుంజు", "ఇడువు", "నీ దిక్కే వంకరున్నది" అని
చేనుకు అటు ఇటు నిలబడి ఒర్రుకున్నరు.
పత్తికాయలు గొలుసుకు తాకి ఊగినయ్.

రాయి ఉన్నకాడనే ఉన్నది.
అరడుగు తేడా.
ఆ అరడుగు కోసం మళ్ల లొల్లి మొదలైతే
నాకు చెప్పలేనంత నిమ్మళమైంది.
ఈ లొల్లి వీళ్లది. ఇది ఇక్కడిది.

రాత్రి ఖిలా వరంగల్‌ల మట్టికోట ఎక్కి కూసున్న,
మా ఇంటెనకనే.
దండు విసిరిన రాళ్లను ఈ గోడ మింగిందని
మా వాడల ఇప్పటికీ చెప్పుకుంటరు.
మెత్తటిదాన్ని పగలగొట్టుడు కష్టం.
పైన ఒక చుక్క నడుస్తున్నది.
అది చూసేదో, చూపు పోగొట్టుకున్నదో,
ఎవరి పక్కకు జరుగుతున్నదో.

ఫోన్‌ల పటం తెరిస్తే
నేనింకా చలివాగు నీళ్లల్లనే నిలబడి ఉన్న.
అప్పుడు యాదికొచ్చింది,
ఆ పిలగాని పేరు
ఓదెలును అడగనే లేదు.